ఎవరు ఆడితే జూదం?

గట్టు మీది హైస్కూలుకి కొత్తగా వచ్చిన టీచరమ్మ పోయిన నెల ఒక అట్టపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అందులో పులి-మేక పటాలు, అష్టాచెమ్మా పటాలు, ఒక చదరంగం, చిన్న సంచిలో గవ్వలు, రంగు బిళ్ళలు ఉన్నాయి. శనివారం పూట పిల్లలు పుస్తకాలు లేకుండా బడికి వస్తారట, అప్పుడు వాళ్ళకి ఈ ఆటలు నేర్పాలట. ఆవిడది అత్తిలి వైపు. చదరంగం వచ్చును గాని పులి-మేక రాదట. "మీకు బాగా వచ్చని ఊళ్ళో అందరూ అంటున్నారండీ. మీరొచ్చి ఓ గంట కూర్చుంటే చాలండీ" అంది.

వస్తానని నోటిదాకా వచ్చింది. ఈలోగా పెట్టె మూత నా వైపు తిరిగింది. మూత మీద ఒక ఫొటో అంటించి ఉంది. మెడ దాకా బొత్తాలు పెట్టిన తెల్ల చొక్కా, నూనె రాసి పక్కకి దువ్విన జుట్టు. దాని కింద, పిల్లలు ఆడుతూ చదవాలని కోరుకున్న లెక్కల మాస్టారి జ్ఞాపకార్థం కుటుంబ సభ్యులు బహూకరించినవి అని అచ్చువేసి ఉంది.

ఆ ముఖాన్ని నేను చీకట్లో కూడా గుర్తుపడతాను. ఈ పెట్టెలో ఉన్న ఆట ఆడినందుకే నన్ను బడి మాన్పించిన మనిషి ఆయన.

ఆలోచించి చెబుతానని టీచరమ్మని పంపేశాను. సాయంత్రం పొయ్యి మీద పులుసు మరుగుతుంటే దాని ఎదురుగా కూర్చుని ఆలోచించాను. పులుసు ఇగిరిపోయి అడుగంటింది. అంత కోపం ఇంకా నాలో మిగిలి ఉందని నాకే తెలియదు.

ఇప్పుడు మా ఊరి చుట్టూ చేపల చెరువుల గట్లు, మేత బస్తాల కంపు, లారీలు వచ్చే రోడ్డు. అప్పుడు మాది నిజంగా లంక. వానలు పడ్డాక కొల్లేరు మా గుమ్మం ముందు దాకా వచ్చి ఆగేది. పొద్దున్నే తలుపు తీస్తే నాచు వాసన, తడిసిన వలల వాసన, మామ్మ చుట్ట వాసన కలిసి వచ్చేవి. చలికాలం మొదట్లో గూడబాతులు దిగేవి. దూరం నుంచి చూస్తే నీళ్ళ మీద ఎవరో దుప్పట్లు ఆరేసినట్టు ఉండేది. మా నాన్న మావులు, అంటే వెదురు బుట్టలు, నీళ్ళలో పెట్టి చేపలు పట్టేవాడు. సాయంత్రం పెట్టి, తెల్లారి తీసేవాడు. కొరమేను పడితే గట్టు మీది ఆసాములకు, మట్టగిడస పడితే మాకు. అమ్మ మట్టగిడసల్ని బూడిదలో రుద్ది, మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెడితే మర్నాడు చద్దన్నంలోకి ఇంకా బాగుండేది.

మా ఇంట్లో పలకకూడని మాట ఒకటి ఉండేది. జూదం. నేను పుట్టకముందు నాన్న పేకాటలో మా దోనె పోగొట్టుకున్నాడు. చేపలు పట్టేవాడికి దోనె లేకపోతే కాళ్ళు లేనట్టే. ఆ ఏడు మా అమ్మ ఎవరెవరి ఇళ్ళలో రొయ్యలు వలిచిందో, ఎవరి గుమ్మంలో ఎంతసేపు నిలబడిందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, మామ్మ చెప్పేది. చివరికి నాన్న గుడిలో బల్ల ముందు మోకరించి, జూదం ముట్టనని, తన గడప లోపలికి రానివ్వనని సంఘమంతా వింటుండగా తీర్మానం చేసుకున్నాడు. మా పాస్టరు అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ తర్వాత నాన్న మాట తప్పలేదు. పండగ పూట పిల్లలం గవ్వలు వేసి ఆడినా లేచి వెళ్ళిపోయేవాడు.

ఒక్క ఆటకి మాత్రం ఆయన అడ్డు చెప్పలేదు. అది మామ్మ ఆట. వలలు కుట్టుకునే అరుగు మీద బొగ్గుతో కొండలా ముక్కోణం గీసి, దానికి అడ్డంగా గీతలు గీసేది. మూడు పెంకు ముక్కలు పులులు, పదిహేను నత్తగుల్లలు మేకలు. పులులు మేకల మీంచి దూకి తింటాయి. మేకలు తినలేవు. అవి చెయ్యగలిగింది ఒక్కటే, గుంపుగా చేరి పులి కదలకుండా చుట్టూ దారులు మూసెయ్యడం. బయట ఊళ్ళలో దాన్ని పులిజూదం అంటారు. మా ఇంట్లో ఆ మాట కుదరదు గనక మేకలాట అనేవాళ్ళం. గవ్వలు లేవు, పాచికలు లేవు, దొర్లించేది ఏదీ లేదు, కాబట్టి నాన్నకి అది జూదంలా కనపడలేదు.

మామ్మ నాకు ఎప్పుడూ పులులు ఇచ్చేది కాదు. "పులిగా ఆడ్డం ఎవడికైనా వచ్చునే. నువ్వు మేకలు పెట్టు" అనేది. మొదట్లో నా మేకలన్నీ తినేసేది. నేను ఏడ్చేదాన్ని. ఏడుస్తుంటే కూడా తినేది. మెల్లగా నాకు లెక్క తెలిసింది. వెనక ఇంకో మేక ఉంటే ఆ మేక మీంచి పులి దూకలేదు. అంచున ఉన్న మేక వెనక చోటు ఉండదు గనక అదీ భద్రమే. ప్రతి మేకనీ పెట్టే ముందు మూడు పులులు ఎక్కడెక్కడికి దూకగలవో మనసులో చూసుకోవాలి. ఒకటో తరగతి పలక మీద రాసిన కూడికలు నాకు గుర్తులేవు. నేను లెక్కలు నేర్చుకుంది ఆ అరుగు మీద.

ఆరో తరగతికి దోనె మీద గట్టుకి దాటి హైస్కూలుకి వెళ్ళేవాళ్ళం. మా లంక నుంచి నలుగురైదుగురు ఆడపిల్లలం. మా క్యారేజీల్లో చద్దన్నం, ఎండు రొయ్యల పొడి. ఆ వాసన మా కన్నా ముందు తరగతిలోకి వెళ్ళేది. మేము గుమ్మంలో కాలు పెట్టగానే లెక్కల మాస్టారు చొక్కా అంచుతో ముక్కు మూసుకుని, "కిటికీలు తియ్యండ్రా, కొల్లేరు వచ్చేసింది" అనేవారు. తరగతంతా నవ్వేది. ఏ ఒక్క రోజూ ఆయన ఆ మాట మానలేదు. అదే మనిషి ఆదివారం వస్తే సంచి పట్టుకుని మా లంకకి వచ్చేవారు, కొరమేనుల కోసం. అప్పుడు కొల్లేరు వాసన రాదు కాబోలు.

మధ్యాహ్నం ఆయనా, డ్రిల్లు మాస్టారూ స్టాఫ్‌రూము బయట సుద్దతో పటం గీసుకుని పులి-మేక ఆడేవారు. ఎప్పుడూ పులులు ఆయనవే. డ్రిల్లు మాస్టారు పాపం ఓడిపోయి బెల్లు కొట్టించడానికి వెళ్ళేవారు. వాళ్ళని చూసి మేము కూడా నీళ్ళకుండ పక్క వరండాలో మా పటం గీసుకున్నాం. గట్టు మీది పిల్లలకి ఆట రాదు, నేనే నేర్పాను. ఊరికే పెంకు ముక్కల్ని పులులు అనుకోవడం వాళ్ళకి చేతకాలేదు. అందుకని పులులకి పేర్లు పెట్టాం. కొండ మీది పులి హెడ్మాస్టరు, కుడివైపుది డ్రిల్లు మాస్టారు, ఎడమవైపుది లెక్కల మాస్టారు. దాంతో ఆట ఒక్కసారిగా రుచెక్కింది. ఒకరోజు నా నేస్తం ఎడమ పులిని కట్టేసి, "లెక్కల మాస్టారు కదలరే, కూలబడ్డారు" అని కేక పెట్టింది. వెనక ఆయన నిలబడి ఉన్నారు.

ఆయన నా పావడా అంచుతోనే ఆ పటం తుడిపించారు. సుద్ద పోయేదాకా మోకాళ్ళ మీద కూర్చుని రుద్దాను. కానీ మేము అన్న మాట ఆయన హెడ్మాస్టరుతో చెప్పలేరు. చెబితే ఆ మాట ఆయనే మళ్ళీ అనాలి. అందుకని వేరే మాట వెతుక్కున్నారు.

ఆ ఆదివారం మా లంకకి వచ్చి, చేపలు సంచిలో వేయించుకుని, నలుగురిలో మా నాన్నతో అన్నారు. "ఏవయ్యా, మీ అమ్మాయి బళ్ళో పులిజూదం పెడుతోంది. తను ఆడేది చాలక ఊరి పిల్లలందరికీ నేర్పుతోంది. కాస్త చూసుకో."

నాన్న చేతిలో తక్కెడ ఉంది. దాన్ని కింద పెట్టడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఇంట్లోకి వచ్చి, "రేపట్నించి బడి లేదు" అన్నాడు. అది మన మేకలాటే కదా నాన్నా అన్నాను. "మాస్టారికి తెలీదా దాన్నేమంటారో" అన్నాడు. అక్కడితో అయిపోయింది. మాస్టారు జూదం అంటే అది జూదమే. మామ్మ అరుగు మీది పటం కూడా ఆ పూటే కడిగేశాడు.

ఆ చలికాలం నేను ఇసుక మీద ఎండబెట్టిన చిన్న చేపల మీద కాకులు తోలుతూ కూర్చున్నాను. నా ఈడు పిల్లలు దోనె ఎక్కుతుంటే చూడకూడదని అటువైపు వీపు పెట్టేదాన్ని. ఎండే చేపల వాసన జుట్టులో, గోళ్ళలో చేరింది. కాకిని కొట్టిన ప్రతి రాయితోనూ ఆయన్నే కొట్టాను. ఆయన ఎక్కిన దోనె తిరగబడాలని, తెల్ల చొక్కా నాచు పట్టాలని, నోట్లోకి నీళ్ళు పోవాలని రకరకాలుగా ఊహించుకున్నాను. దేవుడు శత్రువుల్ని ప్రేమించమన్నాడని సండేస్కూల్లో చెబితే, లెక్కల మాస్టార్ని చూడకముందు చెప్పి ఉంటాడులే అనుకున్నాను.

ఒక ఆదివారం ఆయన సంచిలో కొరమేనుల కింద బతికున్న జెల్లని పెట్టాను. జెల్లకి ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి వాచిపోతుంది. సోమవారం సాయంత్రం నా నేస్తం పరుగెత్తుకుంటూ వచ్చింది. మాస్టారు సుద్దముక్క పట్టుకోలేకపోతున్నారని, ఎడమచేత్తో రాస్తే ఎనిమిది గుమ్మడికాయలా వచ్చిందని చెప్పి దొర్లి దొర్లి నవ్వింది. ఆ రాత్రి నాకు అన్నం సయించింది.

మామ్మకి చెబితే ఆవిడ నవ్వలేదు.

"ముల్లు గుచ్చుకుంటే రెండ్రోజుల్లో మానుద్ది. మానిపోయేదాన్ని పగ అంటారటే?" అంది. చుట్ట ఆర్పి, చెవి మీద పెట్టుకుని, ఇంకో మాట అంది. "కోపం మేకల్లాగ ఉండాలే. ఒక్కోటీ తెచ్చి పెట్టాల. పరిగెత్తించావో, పులి నోట్లోకే."

అప్పట్నించీ మామ్మ నాతో పటం లేకుండా ఆడటం మొదలుపెట్టింది. నాన్న పటం గీయొద్దన్నాడు గాని ఆడొద్దని అనలేదని ఆవిడ వాదం. ప్రతి గీత కలిసే చోటుకీ ఒక పేరు పెట్టుకున్నాం. కొండ, భుజం, నడుము, పాదం. కాకులు తోలుతూ నేను "ఎడం భుజం" అంటే, వల కుడుతూ ఆవిడ "నడుం మీదకి దూకాను" అనేది. చూసేవాళ్ళు ముసలిదానికి ఒళ్ళు నొప్పులనుకునేవారు. పటం కళ్ళెదుట లేకపోయేసరికి ఇరవైమూడు చోట్లూ నా లోపలే ఉండాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి కళ్ళు తెరిచినా మూసినా అవే కనపడేవి.

క్రిస్మస్ ముందు ఆదివారం. గుడి మీద వెదురు చీలికలతో నక్షత్రం కట్టారు. ఆరాధన ఇంకా విడవలేదు. మామ్మ ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంట్లో ఉండిపోయింది, నన్నూ ఉంచేసింది. నాన్న కొరమేనుల కోసం నీళ్ళ మీదికి వెళ్ళాడు. ఆయన్ని ఆ వేళకి పంపింది కూడా మామ్మే. మాస్టారు సంచి పట్టుకుని వచ్చేసరికి అరుగు మీద మామ్మ బొగ్గుతో పటం గీసి, పెంకు ముక్కలు, గుల్లలు పేర్చి కూర్చుంది.

"మావోడు తెత్తన్నాడండి బాబుగారూ. ఎండలో ఎందుకు నిలబడతారు, కూచోండి. ఏవీ తోచక ఇదిగో ఇలాగ ఆడుకుంటన్నానండి" అంది.

ఆయన కూర్చున్నారు. ముసలమ్మ ఒక్కతే, చుట్టుపక్కల ఎవరూ లేరు. అలవాటుగా ఆయన చెయ్యి పులుల మీదికే వెళ్ళింది. మామ్మ మేకలు పెట్టింది. కావాలనే ఒకటి రెండు ఇచ్చేసి, "అబ్బో, మిమ్మల్ని తట్టుకోలేనండి బాబుగారూ" అంది. ఆయన ముఖం విప్పారింది. నేను తడిక వెనక నుంచి చూస్తున్నాను. అప్పటికి గుడి విడిచింది. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడటం మొదలుపెట్టారు. తర్వాత అయ్యగారు వచ్చారు. మామ్మ చుట్ట చీరకొంగులో దాచేసింది. ఆఖరున నాన్న, బుట్టలో చేపలు ఎగురుతుంటే, గట్టెక్కి వచ్చాడు. వచ్చి పటం చూసి అక్కడే ఆగిపోయాడు.

మామ్మ తలెత్తి అయ్యగారి వైపు చూసింది. "నాకో సందేహం అండి అయ్యగారూ. మాస్టారు గారు ఇప్పుడు నాతో ఆడేదాన్ని ఏవంటారండీ?"

"పులి-మేక" అన్నారు అయ్యగారు.

"మరి నా మనవరాలు ఆడితే జూదం ఎలాగయ్యిందండీ?"

మాస్టారి చెయ్యి పెంకు మీద ఉండిపోయింది. ఆయన తరగతిలో చెప్పినట్టే చెప్పారు. పెద్దవాళ్ళు బుర్ర పెట్టి ఆడతారట. పిల్లలకేం తెలుసు, గాలివాటంగా ఎక్కడో ఒకచోట పెడతారట. గాలివాటంగా ఆడే ఆట ఏదైనా జూదమేనట.

అయ్యగారు నిదానంగా మాట్లాడే మనిషి. "సిలువ కింద సైనికులు అంగీ కోసం చీట్లు వేసుకున్నారు మాస్టారూ. అది జూదం. ఇందులో చీటీ ఏదండీ? ఆ పిల్ల బుర్ర పెట్టి ఆడగలిగితే ఇది జూదం కాదని మీరే అంటున్నారు కదా."

"ఆడగలిగితే కదండీ" అన్నారు మాస్టారు, నవ్వుతూ.

అప్పుడు నాన్న మాట్లాడాడు. ఆ మాట అనమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, మామ్మ కూడా అనుకోలేదు. "మాస్టారండీ, ఓ మాట. పిల్ల మీతో ఆడి నెగ్గితే రేపే బడికి పంపేత్తాను. ఓడితే మళ్ళీ బడి మాట ఎత్తను, ఆ పటం మా లంకలో గీయనివ్వను."

ఆ మాటతో మా మేకలాట నిజంగానే జూదమైపోయింది. జూదం ముట్టనని బల్ల ముందు మోకరించిన మనిషి, నా చదువుని పందెం ఒడ్డాడు. చుట్టూ ఉన్న అంతమందిలో ఎవరికీ అది తట్టలేదు. అయ్యగారికి తట్టిందేమో, ఆయన దగ్గి గుడి నక్షత్రం వైపు చూశారు. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఒక్క ఆట గెలిచినంత మాత్రాన అది గాలివాటం కాదని రుజువు కాదని కూడా ఎవరూ అనలేదు. ఆ లెక్క నాకు తర్వాత చాలా ఏళ్ళకి తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, ఈ ఆట పోతే నేను జన్మంతా కాకులు తోలాలి.

తడిక తప్పించుకుని వచ్చి కూర్చున్నాను. మామ్మ పటం మీది గుల్లలన్నీ తీసి నా ముందు పోసింది. నా చేతుల నుంచి ఎండుచేపల వాసన వస్తోంది. మాస్టారు ముక్కు పక్కకి తిప్పుకున్నారు. దాంతో నా భయం పోయింది.

అంచుల నుంచి మొదలుపెట్టాను. ఒక్కో గుల్లా పెట్టే ముందు ఆయన మూడు పులులకీ ఉన్న దూకుళ్ళన్నీ చూసుకున్నాను. ఆయన తొందరగా ఆడుతున్నారు. పటం కన్నా చుట్టూ ఉన్న ముఖాల్నే ఎక్కువ చూస్తున్నారు. రెండు మేకలు తిన్నారు, తిన్నప్పుడల్లా పెంకుని టక్కున కొట్టారు. నేను మిగిలినవన్నీ పెట్టేశాక గానీ ఆయన ఆ చేతి చప్పుడు మానలేదు. కుడి భుజం మీది పులి ఇరుక్కుంది. తర్వాత కొండ మీదిది. ఇంక నడిమి పులి ఒక్కటే. ఆయన దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నారు. ఎడమకి చూశారు, కుడికి చూశారు, అయ్యగారి ముఖం చూశారు. కుడికి జరిపారు. నేను వెనక ఉన్న గుల్లని ముందుకి జరిపి దారి మూసేశాను.

ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు. నత్తగుల్లల మధ్య వేలు ఎక్కడికి కదిపినా గుల్లే తగిలింది. చెమట చుక్క ఒకటి పటం మీద పడి బొగ్గు గీతని చెరిపింది. గుంపు వెనక నుంచి నా నేస్తం గొంతు వినపడింది, ఎంతో అమాయకంగా.

"కిటికీలు తియ్యండర్రా, మాస్టారికి గాలాడట్లేదు."

మా లంక ఆడపిల్లలం అందరం నవ్వాం. పెద్దవాళ్ళకి అర్థం కాకపోయినా మమ్మల్ని చూసి వాళ్ళూ నవ్వారు. ఆయన లేచి, చొక్కా దులుపుకుని, సంచి కూడా మరిచిపోయి దోనె ఎక్కేశారు. నాన్న కొరమేనులు పట్టుకుని వెనకాలే పరుగెత్తి, "మాస్టారండీ, చేపలండీ" అంటూ నడుము లోతు నీళ్ళలోకి దిగి దోనెలో పెట్టి వచ్చాడు. అంత మర్యాదగల మనిషి మా నాన్న. నాకు ఆ మర్యాద రాలేదు.

సోమవారం బడికి వెళ్ళాను. ఆ తర్వాత కిటికీల మాట మళ్ళీ వినపడలేదు. కానీ ఆయన నాకు లెక్కలు చెప్పడం మానేశారు. నా వరస దాకా వచ్చి పక్క వరసకి వెళ్ళిపోయేవారు. నా నోటుపుస్తకం ఆయన ముందు పెడితే దాన్ని కదపకుండా పక్కవాళ్ళది తీసుకునేవారు. నేను ఉన్న చోట గోడ ఉన్నట్టే చూసేవారు. పదో తరగతి దాకా అంతే. పక్కవాళ్ళకి చెబుతుంటే చెవితో విని, ఇంటికి వచ్చి అరుగు మీద బొగ్గుతో నాకు నేనే చెప్పుకుని పాసయ్యాను. ఆ పైన చదివించే స్తోమత మాకు లేదు. ఇప్పుడు పెదపాడు చుట్టుపక్కల చెరువుల వాళ్ళు, నీళ్ళలో ఎన్ని చేపలున్నాయో అంచనా కట్టాలంటే నాకు కబురు పెడతారు. ఒక మూల వల లాగి, పడినవాటిని బట్టి మొత్తం చెబుతాను. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. ఆయన అయితే అసలే నేర్పలేదు.

టీచరమ్మకి వస్తానని కబురు పంపాను. ఇప్పుడు శనివారాలు వెళుతున్నాను. పెట్టె మీది ఫొటో తియ్యలేదు. ఆయన చూస్తూ ఉండాలని దాన్ని పిల్లల వైపే తిప్పి పెడతాను. ఈ ఆటలు ఇంట్లో నేర్చుకోవచ్చు కదా, బళ్ళో ఎందుకని ఒక పిల్లాడి తండ్రి అడిగాడు. బళ్ళోనే నేర్పాలి అన్నాను. ఇంట్లో ఓడిపోతే అమ్మ దగ్గరికి తీసుకుంటుంది. బళ్ళో ఓడిపోయి, అవతలివాడి ముఖం చూసి, మళ్ళీ గుల్లలు పేర్చుకోవాలి. ఎదుటివాడు ఏం చెయ్యబోతాడో వాడి వైపు నుంచి చూడటం, చెయ్యి చాపే ముందు ఆగడం, నెగ్గినవాడు ఎవరి కొడుకని కాకుండా ఎలా నెగ్గాడని అడగడం, ఇవి ఏ వాచకంలోనూ లేవు. మాస్టార్లకి కూడా పిల్లలతో కూర్చుని ఆడటం నేర్పాలి, మేకల వైపు. ఆరో తరగతి పిల్ల చేతిలో నలుగురి ఎదుట ఓడిపోయి, మర్నాడు అదే పిల్లకి నవ్వుతూ పాఠం చెప్పగలిగినవాడికే సుద్దముక్క ఇవ్వాలి. ఆ పరీక్ష అప్పట్లో ఉంటే ఆయన ఎక్కడ ఉండేవారో నాకు తెలుసు.

ఆయన్ని ఆఖరుసారి చూసింది తాడేపల్లిగూడెం స్టేషన్లో. చాలా ఏళ్ళయింది. ఉల్లిపాయల బస్తాల ఘాటుకి ప్లాట్‌ఫారం అంతా కళ్ళు మండుతున్నాయి. ఆయన బాగా ముసలివారైపోయారు, ఒళ్ళో సంచి పెట్టుకుని బల్ల మీద ఒక్కరే కూర్చున్నారు. నేను చూడనట్టు దాటిపోతుంటే ఆయనే పిలిచారు.

"నువ్వు ఆ లంక అమ్మాయివి కదూ? నా దగ్గరే చదువుకున్నావు."

"చదువుకోలేదండీ" అన్నాను. "మీతో ఆడానండీ, ఒక్కసారి."

ఆయన తల దించుకున్నారు. క్షమించమంటారేమో అనుకున్నాను. అంటే ఏమనాలో నేను ఎన్నో ఏళ్ళ కిందటే సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆయన ఆ మాట అనలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, వేరేది అడిగారు.

"ఆ రోజు నడిమి పులిని ఎడమకి జరిపి ఉంటే, ఏమయ్యేదమ్మా?"

ఇన్నేళ్ళూ ఆయన ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నారు. కదల్లేదు. ఎలా జరిపినా ఓటమి తప్పేది కాదని నేను చెప్పాలని ఆయన ఎదురుచూస్తున్నారు. ఆ కళ్ళలో అది కనపడుతూనే ఉంది. ఆ ఆదివారం సాయంత్రమే మామ్మ నాకు అది ఆడి చూపించింది. ఎడమవైపు నా మేకకి వెనక దన్ను లేదు. తర్వాత నేను ఒంటరిగా అన్ని దారులూ పట్టి, చివరిదాకా లెక్క వేసి చూశాను, ఒకసారి కాదు.

"మీరే నెగ్గేవారండీ" అన్నాను.

"నిజంగానా?"

"ఆయ్. లెక్క వేసి చూశానండీ. ఎడమకి జరిపి ఉంటే నేను మళ్ళీ బడి ముఖం చూసేదాన్ని కాదు."

రైలు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆయన నా వైపు చూడటం లేదు. ఒళ్ళోని సంచి మీద చూపుడువేలు పెట్టి మెల్లగా ఎడమకి జరిపారు. వెనక్కి తెచ్చి, మళ్ళీ ఎడమకి జరిపారు.

కుదిరేది కాదండీ అని ఒక్క అబద్ధం ఆడితే, ఆ ముసలాయన ఆ రాత్రి నిద్రపోయేవారు. నిజం చెప్పాను. ఆయన బతికినన్నాళ్ళూ అది ఆయన దగ్గరే ఉంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాగానే నిద్ర పడుతుంది.